ఉట్టి, గూడు, సొరుగు: పసిపిల్లలున్న ఇంటి చరిత్ర

పసిపిల్లలున్న ఇంట్లో ఏ వస్తువును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. పోతన గారి దశమస్కంధం తెరిస్తే, గోపకాంతలందరూ యశోద ముంగిట చేరి చెప్పుకొన్న మొర సారమంతా అదే. పాలూ, పెరుగూ, వెన్నా పిల్లవాడి చేతికి అందకూడదని ఉట్టి మీద పెట్టారు. పిల్లవాడు రోళ్ళూ పీటలూ పోగువేసి ఎక్కాడు. అప్పటికీ చెయ్యి అందకపోతే కుండ అడుగున తూటు పొడిచాడు. భక్తులకు అది లీల. ముప్పై అయిదేళ్ళు పిల్లల మధ్య గడిపిన నా బోటి తెలుగు పండితుడికి మాత్రం అందులో ఒక గృహశాస్త్ర సూత్రం కూడా కనిపిస్తుంది: వస్తువును ఎత్తున పెడితే చాలదు, దాని కింద ఎక్కడానికి వీలైనదేదీ ఉండరాదు. ఆ పిమ్మట యశోదమ్మ కొడుకును రోటికి కట్టివేస్తే, వాడు రోటినే ఈడ్చుకొనిపోయి మద్దిచెట్లు రెండింటిని కూల్చాడు. బరువైన వస్తువు కదలదని నమ్మడంలో ఉన్న ప్రమాదమూ ఆ కథలో ఉన్నది. ఆ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఉట్టిని సంస్కృతంలో శిక్యం అంటారు. దాని వికృతి చిక్కం. మన రైతులు దూడ తల్లి పాలు తాగేయకుండానో, నూర్చేటప్పుడు ఎద్దు గింజలు మెక్కకుండానో మూతికి కట్టే వలబుట్టకు ఆ మాట స్థిరపడింది. ఒకటి తిండిని నోటికి దూరంగా వేలాడదీస్తుంది, రెండవది నోటినే తిండికి దూరం చేస్తుంది. రెంటికీ ఒకే మాట మూలం కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. పిల్లికీ, చీమకూ, పిల్లవాడికీ కలిపి మన పూర్వులు కనిపెట్టిన సాధనం ఉట్టి. అది లేనిదే "ఉట్టికెక్కలేనమ్మ" సామెతా లేదు, కృష్ణాష్టమి నాడు ఉట్టికొట్టే సంబరమూ లేదు.

మా ఇబ్రహీంపట్నం (హైదరాబాదు పక్కనున్నది కాదు, కృష్ణ ఒడ్డున బెజవాడకు ఎగువనున్నది) చుట్టుపట్ల పాతకాలపు ఇళ్ళను తలచుకొంటే వాటి అమరికలో ఒక క్రమం కనబడుతుంది. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి విస్తరించిన తరువాత డెల్టాలో కలిగిన కుటుంబాలు తాటాకు కప్పును వదిలి పెంకుటిళ్ళకూ, మండువా లోగిళ్ళకూ మళ్ళాయి. 1889లో నిజాం రైలుమార్గం బెజవాడను చేరింది. మంగుళూరులో 1865లో బాసెల్ మిషను వారు మొదలుపెట్టిన యంత్రపు పెంకు క్రమంగా దక్షిణదేశమంతా పాకి, ఇక్కడి కప్పులమీదికీ ఎక్కింది. కప్పు మారింది గాని లోపలి అమరిక చాలాకాలం మారలేదు. పైన దూలమూ, దాని నుంచి వేలాడే ఉట్టీ ఉయ్యాలా. తలకు పైయెత్తున అటక. గోడలో గూళ్ళు. గోడకు చిలకకొయ్యలు, వాటి నడుమ దండెం. నేలమీద దాదాపు ఏమీ ఉండదు. పీటలు గోడకు చేరవేసి ఉంటాయి, నులకమంచాలు పగటిపూట నిలబెట్టి ఉంటాయి. పాకే బిడ్డకు ఇంత విశాలమైన ఆటస్థలం ఈనాటి మూడు గదుల అపార్టుమెంటులో కూడా దొరకదు.

గోడలో గూడు ఎంత గొప్ప ఏర్పాటో దాన్ని పూడ్చివేసిన తరువాత గాని మనకు తెలియలేదు. అది గోడ మందంలోనే ఉంటుంది కనుక స్థలం ఆక్రమించదు, పిల్లవాడి తలకు మూల తగలదు, లాగితే మీద పడదు. దీపానికొక గూడు, పుస్తకానికొక గూడు, మందుసీసాకు పెద్దవాళ్ళ చెయ్యి మాత్రమే అందే గూడు. గోడ సన్నబడిపోవడంతో గూడు అంతరించింది. మట్టిగోడ మూరెడు మందం ఉండేది. నేటి అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలు. అందులో గూడు పెట్టబోతే అవతలి గదిలోకి కిటికీ అవుతుంది.

గడప సంగతి వేరు. మన ప్రాంతంలో బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, అడుగువేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు పంచే ఆచారం ఉన్నది. దీన్ని కేవలం తిండిముచ్చటగా చూడరాదని నా అభిప్రాయం. ఇది ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ వేసే చాటింపు. బిడ్డ బోర్లపడ్డాడంటే ఇకమీదట మంచం మీద ఒంటరిగా పడుకోబెట్టరాదు. అడుగు వేశాడంటే చేతికందే వస్తువుల ఎత్తు ఒక్కసారిగా జానెడు పెరిగింది. గడప దాటాడంటే బావిగట్టు దగ్గరా, వీధి వాకిట్లోనూ, కాలువ రేవులోనూ ఇక నుంచి అందరి కన్నూ వాడి మీద ఉండాలి. గారె తిన్న పొరుగింటావిడ ఆ బాధ్యతలో పాలు పంచుకొన్నట్టే. కాలువలూ చెరువులూ బావులూ అడుగడుగునా ఉన్న డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు చక్రాల పీటకూ, తుడిచే యంత్రానికీ అడ్డమని లోపలి గడపలను ఎత్తించివేస్తున్నారు. వీధి గడప ఒక్కటే పసుపుకుంకాల కోసం మిగిలింది.

అయితే పాత ఇల్లంతా వివేకమేనని కీర్తించేవారితో నేను ఏకీభవించను. తిండిని ఆకాశానికెత్తిన ఆ ఇల్లే నిప్పును నేలమీద ఉంచింది. మట్టిపొయ్యి నేలమీద. కుంపటి నేలమీద. పిడకల సెగమీద రోజల్లా పాలు మరగడానికి పెట్టే దాలి నేలలోకి తవ్విన గుంట. సలసల కాగే గంజి వార్చేదీ నేలమీదనే. కత్తిపీట సరేసరి. వంట ముగిసేవరకూ చంటిపిల్లను చంకనెత్తుకొని కాపాడే ముసలమ్మో, అక్కగారో ఉండేది. ఆ ఇంటికి భద్రత అమరికలో లేదు, మనుషుల్లో ఉంది. చెల్లెలినెత్తుకొని తిరిగే ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు ఎందరో ఆ కారణంగా బడి ముఖం చూడలేదు. పాత లోగిలి అందాలు వర్ణించేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో వేయాలి.

నిప్పు నేలమీది నుంచి లేవడం మన ఇళ్ళ చరిత్రలో అసలైన మలుపు. కిరసనాయిలు స్టవ్వు, ఆ తరువాత గ్యాసు పొయ్యి వచ్చాకనే నిలబడి వండే వంటగట్టు మధ్యతరగతి ఇళ్ళలో స్థిరపడింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన దీపం పథకంతో పేద ఇళ్ళలోకి కూడా సిలిండరు నడిచివచ్చింది. వంట ఎప్పుడైతే నడుమెత్తుకు లేచిందో, గట్టు కింద ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి అటక మీది సామానంతా దిగివచ్చింది. ఫ్రిజ్ రాకతో ఉట్టికి పని లేకపోయింది. పప్పులూ, గిన్నెలూ, కత్తులూ, చివరకు బాత్రూము కడిగే ఆమ్లపు సీసా కూడా కింది అరల్లోకి చేరాయి. పూర్వం తిండి పైన, నిప్పు కింద. నేడు నిప్పు పైన, విషం కింద. సొరుగులకు ప్లాస్టిక్ గొళ్ళేలు కొని తగిలించుకోవలసిన అవసరం ఇక్కడినుంచి పుట్టింది. మా ఇంట్లో మేము ముందుగా చేసిన పని గొళ్ళెం కొనడం కాదు. ఆమ్లపు సీసానూ, ఎలుకల మందునూ, మాత్రల డబ్బానూ పై అరకు చేర్చి, తేలికపాటి గిన్నెలనూ చెక్క గరిటెలనూ కిందికి దించాము. రెండేళ్ళ మనుమరాలు ఇప్పుడు ఆ కింది అరను తన అంగడిగా భావిస్తున్నది. చప్పుడు భరించడం అలవాటైతే ఇంతకన్న చవకైన ఏర్పాటు లేదు.

అందకుండా పెట్టడం ఒక సంప్రదాయమైతే, అందేలా పెట్టడం మరొకటి. ప్రపంచంలో ఈ రెండవదానికి పెద్దపేరు మరియా మాంటిస్సోరి. 1907లో రోము నగరంలోని ఒక పేదలవాడలో ఆమె ప్రారంభించిన బాలల గృహంలో బల్లలూ, కుర్చీలూ, అలమరలూ పిల్లల కొలతకే చేయించారు. వస్తువును పిల్లవాడే తీయాలి, పని అయ్యాక వాడే యథాస్థానంలో పెట్టాలి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులను తీర్చిదిద్దారు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో మాంటిస్సోరి బడి నెలకొల్పాక ఆ పద్ధతి మా ప్రాంతానికి పరిచయమైంది. కోటేశ్వరమ్మ గారికి 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2019లో ఆమె కన్నుమూశారు.

మాంటిస్సోరి గొప్పదనాన్ని తగ్గించడానికి కాదుగాని, మన పిల్లలకు తమ ఎత్తున తమ సంసారం ఉండేదన్నది కూడా నిజం. గుజ్జనగూళ్ళు, బొమ్మరిల్లు, లక్కపిడతలు అనే మాటలు నిఘంటువుల్లోకి ఊరకే రాలేదు. మా ఊరికి కూతవేటు దూరంలో కొండపల్లి ఉన్నది. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల ముద్దా రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అవయవాలు అతికి చేసే బొమ్మలు అక్కడివి. ఆ కర్ర ఎంత తేలికంటే అంబారీ ఏనుగు కాలిమీద పడినా పిల్ల ఏడవదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో మెట్లకోసం ప్రత్యేకంగా బల్లలు చేయించేవారు తక్కువ. ట్రంకుపెట్టెలూ, బియ్యపు డబ్బాలూ, బెంచీలూ బేసిసంఖ్య మెట్లుగా పేర్చి తెల్లదుప్పటి కప్పేవారు. ఏ బొమ్మ ఏ మెట్టుకు చెందుతుందో తేల్చేది పిల్లలే. పండుగ వెళ్ళాక పాతగుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దేదీ వాళ్ళే. సంవత్సరానికొక్కసారైనా ఆ పిల్లలకు సర్దడమంటే ఏమిటో పెద్దల కేకలు లేకుండా తెలిసేది.

ఇక గోడల సంగతి. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్ నడవడం మొదలైన తాపవిద్యుత్ కేంద్రం (నేడు నార్ల తాతారావు గారి పేరున్నది) మాకు కరెంటుతో పాటు బూడిదనూ ఇచ్చింది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల తయారీలో ఈ బూడిద వాడాలని కేంద్రప్రభుత్వం 1999లో ఉత్తర్వు చేసింది. బూడిదకు సున్నమో సిమెంటో, జిప్సమూ, రాతిపొడీ కలిపి అచ్చువేసి, కాల్చకుండా నీటితో తడిపి గట్టిపరచే ఈ బూడిదరంగు ఇటుకలతోనే ఇప్పుడు మా వైపు అత్యధికం ఇళ్ళు లేస్తున్నాయి. పాత మట్టిగోడకు చిలకకొయ్య కొట్టడానికి బండరాయి చాలు. వీటికి డ్రిల్లింగు మిషనూ, ప్లగ్గూ, మరమేకూ కావాలి. ఆ శ్రమకు జంకి బీరువాలనూ, పుస్తకాల అరలనూ గోడకు బిగించకుండా ఊరకే ఆనించి వదిలేస్తున్నాము.

రోలు కథ ఇక్కడ అక్కరకు వస్తుంది. సొరుగులున్న బీరువా పెద్దవాడి కంటికి కొండ. పిల్లవాడికి అది మెట్ల వరుస. కింది సొరుగులు లాగి, ఒక్కొక్కదానిమీద కాలుపెట్టి ఎక్కితే బరువంతా ముందుకు వచ్చి బీరువా మీద పడుతుంది. అమెరికాలో ఇలా పసివాళ్ళు మరణించిన మీదట 2016లో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను మార్కెట్టు నుంచి వెనక్కు పిలిచారు. 2022 డిసెంబరులో అక్కడ ఇందుకోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. అక్కడి మన పిల్లల ఇళ్ళలో బీరువా వెనుక ఒక పట్టీ గోడకు బిగించి ఉండడం చూసి, అదేదో అతిజాగ్రత్త అని నవ్వే పెద్దలున్నారు. నవ్వవలసిన పనిలేదు. రెండు ఇనుప కోణాలూ, నాలుగు మరమేకులూ, వడ్రంగి అరగంట పని. మా ఇంట్లో మూడు బీరువాలకు చేయించాము.

ఇంత చెప్పాక 2024 సెప్టెంబరును ప్రస్తావించకుండా ఈ చరిత్ర ముగియదు. ఆ నెల మొదటి రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2009 అక్టోబరు నాటి ప్రవాహాన్ని కూడా అది మించింది. కృష్ణ అంత ఎత్తున ఉండగా, మా ఊరి దగ్గర దానిలో కలవవలసిన బుడమేరు మళ్ళింపు కాలువకు ఎగువన గండ్లు పడి, నీరంతా పాతదారిన విజయవాడ మీద పడింది. అజిత్‌సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీరు తీశాక మా బంధువుల ఇల్లు శుభ్రం చేయడానికి వెళ్ళాము. అందమైన వంటగది అరలన్నీ ఉబ్బి, తలుపులు తెరుచుకోక, చివరకు గడ్డపారతో పగలగొట్టవలసి వచ్చింది. పిల్లల ఎత్తున, పిల్లల కోసమే పెట్టిన కింది అరల్లోని బొమ్మల పుస్తకాలు బురద ముద్దలు. వాటి పక్క సొరుగులోనే చంటివాడి టీకాల కార్డూ, పెద్దపిల్ల జనన ధ్రువపత్రమూ ఉన్నాయి. అటక మీద మాత్రం అన్నీ చెక్కుచెదరలేదు: ముప్పై ఏళ్ళుగా ఎవరూ వాడని ఇత్తడి గంగాళం, చిరిగిన పరుపు, పాత క్యాలెండర్ల కట్ట. అవసరమైనదంతా కిందికి దించి, అక్కరలేనిదాన్ని పైకెక్కించే అలవాటు మనకు ఎప్పటినుంచి పట్టిందో ఆ రోజు గంగాళాన్ని చూస్తూ చాలాసేపు ఆలోచించాను. ఏదైనా పని మూలపడితే "అటకెక్కింది" అంటామే, ఆ మాటలోనే అటకకు పట్టిన దుర్గతి ఉన్నది.

ఆ ఇంటి కోడలు తిరిగి సామాను సర్దుకొన్నప్పుడు వడ్రంగిని పిలిచి అటకకు రెండు చెక్క తలుపులు పెట్టించింది. గంగాళం అమ్మివేసింది. కాగితాలన్నీ మూతబిగువైన డబ్బాలో వేసి అక్కడికి చేర్చింది. పిల్లల బొమ్మలు మళ్ళీ కిందనే ఉన్నాయి. ఈసారి అర కాదు, రెండు చెవులున్న ప్లాస్టిక్ తొట్టి. పిల్లవాడే తీసుకొంటాడు, నీళ్ళొస్తే చటుక్కున ఎత్తి పైన పెట్టవచ్చు. మా ఇంట్లోనూ ఈ వేసవిలో అదే పని మొదలుపెట్టాము. స్లాబు పోసిననాడు ఉయ్యాల కోసమని పెట్టించిన కొక్కేలు రెండు ఖాళీగా ఉన్నాయి. ఒకదానికి మనుమరాలి ఉయ్యాల వేశాము. రెండవదానికి ఏం వేయాలో ఇంకా తేలలేదు. ఉట్టి అల్లేవారెవరైనా మీ ఊళ్ళో మిగిలి ఉంటే తెలియజేయగలరు.