జానపదంలో పల్లె ఏది?
‘పాతాళభైరవి’ని జానపద చిత్రం అన్నందుకు ఈమధ్య ఒక కుర్రాడు, ‘అందులో పల్లెపాటలు లేవు కదండీ’ అన్నాడు. సబబైన సందేహమే. జనం పాదం మోపి స్థిరపడిన చోటు జనపదం. బౌద్ధ గ్రంథాలు చెప్పే 16 మహాజనపదాల్లో గోదావరి తీరపు అశ్మకం ఒకటి. దాని రాజధాని నేటి బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. పురంలో ఉండేవాడు పౌరుడు, పురం బయటివాడు జానపదుడు. ‘పౌరజానపదులు’ అంటే మొత్తం ప్రజ. ఇప్పుడు పౌరుడంటే దేశంలో ఎక్కడివాడైనా సరే. జానపదుడు మాత్రం పాటకీ కథకీ పరిమితమయ్యాడు. ఆ కథల్లోని రాకుమార్తెలూ మాంత్రికులూ వెండితెరకెక్కినప్పుడు పేరు కూడా వెంట వచ్చింది; కల్పిత రాజ్యాల కథ ఏదైనా ‘జానపదం’ అయింది. 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ మాయాలోకానికి ఎంత గట్టి కట్టుబాట్లున్నాయో చూడండి. సాహసవీరుణ్ణి బలిస్తేనే దేవత ప్రసన్నమవుతుంది. మాంత్రికుడు కథానాయకుడైన తోటరాముణ్ణి అందుకే తెస్తాడు, కానీ తానే బలవుతాడు. దేవత ఇచ్చే ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి కోరికే తీరుతుంది. అది మంచివాడా చెడ్డవాడా అని చూడదు. మాయాకథలకు వేరే పేర్లూ ఉన్నాయి. యముడు నేటి మనుషుల మధ్యకి దిగే కథలకు మనవాళ్లు ‘సోషియో ఫాంటసీ’ అని పేరుపెట్టుకున్నారు. కొత్త లోకాలు అల్లే నేటి నవలాకారులు ఉత్త ‘ఫాంటసీ’ అంటున్నారు. గ్రీకులో ఆ మాట మూలం కంటికి కనిపించడం దగ్గరుంది. నాకు మాత్రం జానపదమే ఇష్టం: అందులో జనమూ ఉన్నారు, వాళ్లు నిలిచిన నేలా ఉంది.