కంఠనాడియు కనురెప్పయు

థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, అరుదుగా, రోగి కనురెప్ప యొకటి వ్రాలి, పాప కుంచించుకొనును. కన్ను చెడెనని యింటివారు బెదరుదురు, దెబ్బ మెడలోనిది.

ఈ మర్మమును 1727లో పరాసు వైద్యుడు పూర్ఫూర్ దు పెతీ కుక్కల మెడనాడిని ఖండించి కనుగొనెను. ఆ నాడి మెదడునుండి క్రిందికి దిగునని పూర్వుల తలంపు; పైకెక్కి కంటిని చేరునని యాయన చూపెను. అది తెగిన వైపు ముఖము వేడెక్కునని 1852 నాటికి క్లాడ్ బెర్నార్డు తెలిపెను. 1869లో జూరిచ్ నేత్రవైద్యుడు హార్నరు 40 ఏండ్ల కర్షకస్త్రీయందు ఈ లక్షణములనే వర్ణించెను. లోకమున నాయన పేరే నిలిచినది. నాకు మాత్రము పెతీకి అన్యాయము జరిగెననిపించును.

ఆ నాడి కంఠధమని వెనుక, గ్రంథికి చేరువగా నుండును. శస్త్రవైద్యుడు ధమనిని ప్రక్కకు లాగి పట్టినను, నెత్తురు గడ్డకట్టి యొత్తినను నలుగును. నలిగినచో నెలలలో కోలుకొనవచ్చును. తెగినచో ఆ యాశ స్వల్పము.