ముఖం ఎవరిది?

కిస్ పాటలు గొప్పవని నేను వాదించను. వాళ్ళ కథ మాత్రం గొప్పది. 1973లో న్యూయార్క్‌లో నలుగురు కుర్రాళ్ళు ముఖాలకి రంగు పూసుకుని స్టేజీ ఎక్కారు. జీన్ సిమన్స్ రాక్షసుడు, పాల్ స్టాన్లీ కంటిమీద నక్షత్రం, ఏస్ ఫ్రేలీ అంతరిక్షవాసి, పీటర్ క్రిస్ పిల్లి. నెత్తురు కక్కడం, నిప్పు ఊదడం, పొగలు చిమ్మే గిటారు... ఇన్ని ఉన్నా మొదటి మూడు ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడవలేదు. ఆ గోల స్టూడియోలో పట్టేది కాదు మరి! 1975లో కచేరీ రికార్డింగు 'ఎలైవ్!' వచ్చాకే జనం ఎగబడ్డారు. (అందులోనూ స్టూడియో అతుకులున్నాయి, అది వేరే సంగతి.)

1983లో రంగు కడిగేశారు, 1996లో పాత నలుగురూ మళ్ళీ పూసుకున్నారు. నాకు మింగుడుపడనిది ఆ తర్వాత జరిగింది. ఏస్, పీటర్ వెళ్ళిపోయాక వాళ్ళ వేషాలే టామీ థేయర్‌కీ, ఎరిక్ సింగర్‌కీ వేశారు. హక్కులు కొనేశామని జీన్, పాల్ అంటారు. అద్దెకిచ్చానంతే అని ఏస్ అనేవాడు. మనం రాసిన కోడు ఉద్యోగం మానేశాక కంపెనీదే, ఒప్పుకుంటా. ముఖం కూడానా?

2023 డిసెంబరు 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో ఆఖరి కచేరీ అయిపోగానే తెరమీద కంప్యూటర్ బొమ్మలు పాడటం మొదలెట్టాయి. 2024లో పాటలూ, పేరూ, వేషాలూ స్వీడన్ కంపెనీ పాప్‌హౌస్‌కి అమ్మేశారు. ఏస్ 2025 అక్టోబరులో పోయాడు.