నాలుగక్షరాల తాళం: ప్లేస్టేషన్ మోడ్ చిప్ కథ

అమెరికా నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్‌లో ఇక్కడ కొన్న హాలీవుడ్ డీవీడీ వేసిన వాళ్ళకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. డిస్కు రీజియన్ 5, డ్రైవు రీజియన్ 1, మార్చమంటారా అని అడిగేది. మార్చుకోవచ్చు, కానీ మొత్తం మీద 5 సార్లే. ఆ తర్వాత ఎక్కడ ఆగితే ఇక అక్కడే. డిస్కూ డబ్బిచ్చి కొన్నదే, లాప్‌టాపూ డబ్బిచ్చి కొన్నదే. మధ్యలో ఈ పాస్‌పోర్టు చెకింగ్ ఏమిటో!

డీవీడీలు రాకముందే ఇదే పంచాయితీ సోనీ ప్లేస్టేషన్ దగ్గర వచ్చింది. దానికి విరుగుడుగా పుట్టిందే మోడ్ చిప్. ఆ మాట వినగానే "ఓహ్, పైరసీ వ్యవహారమా" అని కొట్టిపారేస్తారు చాలామంది. పైరసీకి వాడారు, బాగానే వాడారు, అందులో దాచేదేమీ లేదు. కానీ కథ అక్కడితో తేలిపోదు. రెండు వేర్వేరు ప్రశ్నలకి సోనీ వాళ్ళు ఒకే జవాబు పెట్టుకున్నారు. ఆ ముడి విప్పడానికి ఆస్ట్రేలియా కోర్టులకి నాలుగేళ్ళు పట్టింది.

ముందు తాళం సంగతి చూద్దాం. మనలాంటి వాళ్ళకి నచ్చే భాగం ఇదే :)

ప్లేస్టేషన్ జపాన్‌లో 1994 డిసెంబరులో, అమెరికాలో 1995 సెప్టెంబరులో వచ్చింది. గేములు సీడీల మీద. సీడీ అంటే కాపీ చేసుకోవచ్చు. అప్పటికి సీడీ రైటర్లు ఖరీదే గానీ, ఎప్పటికీ ఖరీదుగానే ఉంటాయని సోనీ అనుకోలేదు. అందుకని ఒక తెలివైన పని చేశారు. డిస్కు మొదట్లో, లోపలి అంచు దగ్గర ఉండే భాగంలో ట్రాకుని తిన్నగా కాకుండా కొంచెం అటూ ఇటూ ఊగేట్టు ముద్రించారు. ఆ ఊగడం, ఊగకపోవడంలోనే సెకనుకి 250 బిట్ల వేగంతో నాలుగు అక్షరాలు దాచారు. జపాన్ డిస్కుకి ఎస్సీఈఐ, అమెరికా డిస్కుకి ఎస్సీఈఏ, యూరప్, ఆస్ట్రేలియా డిస్కులకి ఎస్సీఈఈ. మూత వేసి పవర్ నొక్కగానే కన్సోలు ఈ అక్షరాల కోసం చూస్తుంది. తన దేశం అక్షరాలు కనబడితే గేము మొదలవుతుంది. లేకపోతే లేదు.

ఇందులో గమ్మత్తు ఏమిటంటే, ఆ నాలుగక్షరాలు డేటా కానే కాదు. లేజరు నడిచే దారిలోని వంకర అవి. సీడీ రైటరు కాపీ చేసేది డేటాని. ఖాళీ సీడీలో గాడి ఫ్యాక్టరీలోనే గీసి ఉంటుంది, దాని ఊపు దానికి ముందే ఉంటుంది, రైటరు దాన్ని మార్చలేదు. అంటే గేములోని ప్రతి బిట్టూ పొల్లు పోకుండా కాపీ అవుతుంది, ఆ నాలుగక్షరాలు తప్ప. ఎన్‌క్రిప్షన్ లేదు, గణితం లేదు. పెద్ద పెద్ద క్రిప్టోగ్రఫీ స్కీములు చూసిన కళ్ళకి కూడా ఇది అందంగానే కనిపిస్తుంది.

తాళం ఎంత అందంగా ఉందో, దాన్ని తీయడం అంత తేలికైంది. అక్షరాలు నాలుగే, ప్రతి డిస్కుకీ అవే, ఎప్పుడూ మారవు. డిస్కు నుంచి వచ్చే ఆ సిగ్నల్‌ని మధ్యలో ఆపి, అవే నాలుగక్షరాలు మనం పంపిస్తే కన్సోలుకి తేడా తెలియదు. ఆ పని చేసిందే మోడ్ చిప్. ఎక్కువగా వాడింది మైక్రోచిప్ కంపెనీ వారి పిక్12సీ508. ఎనిమిది కాళ్ళ బుల్లి కంట్రోలరు, అందులో ప్రోగ్రాముకి చోటు 512 వర్డ్‌లు, ర్యామ్ 25 బైట్లు. (అవును, 25 బైట్లే. ఇవాళ మనం రాసే ఒక లాగ్ లైను అందులో పట్టదు.) అక్షరానికి 11 బిట్ల చొప్పున 44 బిట్లు, ఒక్కో బిట్టుకి 4 మిల్లీసెకన్లు. ఒకసారి చెప్పడానికి 176 మిల్లీసెకన్లు. చెప్పి, కాస్త ఆగి, మళ్ళీ చెప్పడం. అంతే ప్రోగ్రాము.

చిప్ కొనేవాడు ముందు కన్సోలుని తిరగేసి వెనకాల మోడల్ నంబరు చూసుకోవాలి. 1001, 5501, 7501, 9001 అంటూ ఒక్కో నంబరు వెనక ఒక్కో రకం బోర్డు. లోపల పీయూ-8, పీయూ-18, పీయూ-22 అని రాసి ఉండేది. బోర్డు మారితే తీగ అతికించాల్సిన చోటు మారుతుంది, కాబట్టి ఒక బోర్డు కోసం గీసిన పటం చూసుకుని ఇంకో బోర్డు మీద సోల్డరింగ్ చేస్తే అంతే సంగతులు. మామూలు చిప్‌కి తీగలు నాలుగు: కరెంటుకి ఒకటి, గ్రౌండుకి ఒకటి, డిస్కు నుంచి వచ్చే అసలు సిగ్నల్‌ని ఆపడానికి ఒకటి, దొంగ అక్షరాలు పంపడానికి ఒకటి. సన్నటి మొన ఉన్న ఐరన్, వెంట్రుక కంటే కాస్త లావు తీగ, వణకని చెయ్యి ఉంటే చాలు. చెయ్యి వణికితే పక్క కాలికి కూడా సోల్డర్ అంటుకుని షార్ట్ అయ్యేది.

చిప్పుల్లో రకాలు ఎందుకు వచ్చాయంటే, సోనీ ఊరుకోలేదు కాబట్టి. మొదటి చిప్పులకి ఒక జబ్బుంది, నోరు మూసుకోవడం తెలియదు. గేము నడుస్తున్నంత సేపూ అక్షరాలు పంపుతూనే ఉండేవి. 1990ల చివర్లో గేములు రాసేవాళ్ళు ఇది పట్టుకున్నారు. అక్షరాలు ఉండకూడని చోట గేము డ్రైవుని చదవమంటుంది. అక్కడ కూడా అక్షరాలు వినబడ్డాయా, చిప్ ఉన్నట్టే. వెంటనే ఆట ఆగిపోయి, కన్సోలుని మార్చినట్టుంది అని స్క్రీను మీద హెచ్చరిక. దానికి జవాబుగా "స్టెల్త్" చిప్పులు వచ్చాయి. ఇవి మొదట్లో అక్షరాలు పంపి గప్‌చుప్‌గా పడుకుంటాయి. రెండు మూడు డిస్కుల గేముల్లో డిస్కు మార్చడానికి మూత తీస్తే మళ్ళీ లేస్తాయి. అందుకని రీసెట్‌కి ఒకటి, మూతకి ఒకటి, ఇంకో రెండు తీగలు. మన పరిశ్రమలో ఎలుకా పిల్లీ ఆటలు చాలా ఉన్నాయి గానీ, 512 వర్డ్‌ల చోటులో ఇంత ఆట ఆడినవాళ్ళు తక్కువ.

సరే, ఇప్పుడు ముడి దగ్గరకి వద్దాం. ఆ నాలుగక్షరాలు రెండు ప్రశ్నలకి జవాబు చెప్తున్నాయి. "నువ్వు అసలు డిస్కువేనా?" అన్నది ఒకటి. "నువ్వు ఈ దేశానికి చెందినదానివేనా?" అన్నది రెండోది. మొదటిది కాపీరైటు గొడవ, రెండోది మార్కెటింగ్ గొడవ. ఏ దేశంలో ఏ ధర పెట్టాలి, ఏ గేము ఎప్పుడు విడుదల చెయ్యాలి అన్న లెక్క. ఒకే ఫ్లాగులో రెండు అర్థాలు కుక్కితే ఏమవుతుందో మనలో ప్రొడక్షన్ సపోర్టు చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. జపాన్‌లో నిజాయితీగా కొన్న డిస్కుని సిడ్నీలో వేస్తే, కన్సోలు దాన్ని ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ డిస్కుతో సమానంగానే చూసింది. అందువల్ల జపాన్ గేము ఆడుకుందామనుకున్న పెద్దమనిషీ, దొంగ సీడీలు కొనేవాడూ ఇద్దరూ ఒకే చిప్ కోసం ఒకే షాపుకి వెళ్ళారు. చిప్‌కి కూడా వాళ్ళిద్దరి మధ్య తేడా తెలిసే వీల్లేదు.

అలాంటి షాపులాయనే సిడ్నీలో స్టీవెన్స్. ఈయన చిప్పులు అమ్మాడు, బిగించాడు. కాపీ చేసిన గేములు కూడా అమ్మాడు, కాబట్టి ఆయన్ని మహానుభావుడిని చెయ్యక్కర్లేదు. నకిలీ గేములకి సంబంధించి ట్రేడ్ మార్కుల మీద సోనీ చేసిన వాదనని కింది కోర్టే ఒప్పుకుంది. అసలు చిక్కు చిప్ దగ్గర. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం "సాంకేతిక రక్షణ ఏర్పాటు" అనిపించుకున్న దాన్ని దాటే పరికరం అమ్మకూడదు. మరి ఆ నాలుగక్షరాల చెకింగ్ అలాంటి ఏర్పాటేనా? రీజియన్ తాళాలు వినియోగదారుల్ని నష్టపరుస్తున్నాయని అక్కడి పోటీ, వినియోగదారుల కమిషను కూడా కోర్టుకి తన వాదన వినిపించింది. ప్రభుత్వ సంస్థ ఇలా కలగజేసుకోవడం నాకు బాగా నచ్చిన విషయం.

2002లో జస్టిస్ సాక్‌విల్ స్టీవెన్స్ పక్షాన తీర్పిచ్చాడు. తర్కం మన డీబగ్గింగ్ లాగే ఉంటుంది. చట్టం ప్రకారం ఆ ఏర్పాటు కాపీరైటు ఉల్లంఘనని ఆపాలి, లేదా అడ్డుకోవాలి. ఈ తాళం ఏం ఆపుతోంది? కాపీ చెయ్యడాన్ని కాదు. తాళం పని మొదలుపెట్టేసరికి కాపీ ఎప్పుడో అయిపోయింది. అది ఆపేది ఆడటాన్ని. ఆడటం ఉల్లంఘన కాదు. సోనీ రెండు జవాబులు చెప్పింది. ఆడలేమని తెలిస్తే ఎవరూ కాపీ చెయ్యరు కదా, అదీ అడ్డుకోవడమే అన్నది మొదటిది. రెండోది ఇంకా సరదాగా ఉంటుంది: ఆడేటప్పుడు గేము ర్యామ్‌లోకి వస్తుంది, అది కూడా కాపీయే అని. ప్లేస్టేషన్‌లో మెయిన్ ర్యామ్ 2 మెగాబైట్లు. వందల మెగాబైట్ల డిస్కులోంచి ఏ క్షణాన చూసినా ఒక చిన్న ముక్క మాత్రమే అందులో ఉంటుంది. అది చట్టం చెప్పే కాపీ కిందకి రాదన్నాడు జడ్జి.

2003లో అప్పీలు బెంచి సోనీ మొదటి వాదన ఒప్పుకుని తీర్పుని తిరగేసింది. స్టీవెన్స్ ఇంకా పైకి వెళ్ళాడు. 2005 అక్టోబరు 6న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీం కోర్టు అన్నమాట) ఏకగ్రీవంగా స్టీవెన్స్ పక్షమే తీసుకుంది. సోనీ అడిగినట్టు అర్థం చెప్పుకుంటే, వేరే దేశంలో సక్రమంగా కొన్న గేముని ఆడుకోవడం మీద కూడా కాపీరైటు యజమానికి పెత్తనం ఇచ్చినట్టు అవుతుందన్న ఆలోచన ఆ తీర్పులో కనిపిస్తుంది.

అన్ని చోట్లా ఇలా జరిగిందనుకునేరు. అమెరికాలో 1998 డీఎంసీఏ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, రీజియన్ తాళాన్ని దాటించే "గేమ్ ఎన్‌హాన్సర్" అనే పరికరం అమ్మకుండా కాలిఫోర్నియా కోర్టు సోనీకి ఇంజంక్షన్ ఇచ్చింది. ఇంగ్లండులో 2004లో, ప్లేస్టేషన్ 2 చిప్పుల కేసులో, ర్యామ్‌లో క్షణం సేపు ఉన్నా కాపీ కాపీయే అన్నారు. ఒకే కంపెనీ, ఒకే ప్రశ్న, సముద్రం దాటితే జవాబు వేరు. జడ్జిలకీ రీజియన్ కోడ్ ఉన్నట్టుంది :)

హైకోర్టులో గెలిచినా ఆ గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికాతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఆస్ట్రేలియా మెడ మీద ఉంది. దాని ప్రకారం 2006లో కాపీరైటు చట్టం మార్చి, వాడకాన్ని అదుపు చేసే తాళాలకి కూడా రక్షణ ఇచ్చారు. కానీ స్టీవెన్స్ కేసు ఊరికే పోలేదు. సినిమాలు, గేములతో సహా కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో, దేశాల వారీగా మార్కెట్లు విడగొట్టడానికి పెట్టిన తాళాలకి ఆ రక్షణ ఉండదని అదే చట్టంలో రాశారు. సోనీ ఒక ఫ్లాగులో కుక్కిన రెండు అర్థాల్ని పార్లమెంటు రెండు ఫీల్డులుగా విడగొట్టిందన్నమాట. పాత ప్లేస్టేషన్‌కి మాత్రం ఇది అతికేది కాదు, ఎందుకంటే అక్కడ తాళం ఒక్కటే.

అదే 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 వచ్చింది. దాని గేములకి, ఒకటీ అరా తప్ప, రీజియన్ తాళం లేదు. కోర్టుల్లో కాపాడుకుంటూ వచ్చిన రెండో ప్రశ్నని సోనీ తనంతట తనే అడగడం మానేసింది. కాపీని ఆపే తాళం మాత్రం ఇంకా గట్టిగా బిగించింది.

మన దేశంలో ఈ విషయం చట్టంలోకి వచ్చింది 2012 కాపీరైటు సవరణతో, సెక్షన్ 65ఏ రూపంలో. తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అయితే కాపీరైటుని ఉల్లంఘించాలనే ఉద్దేశంతో పగలగొడితేనే అని ఒక మాట చేర్చారు. ఆ లెక్కన అమెరికాలో కొన్న గేముని హైదరాబాద్‌లో ఆడుకోవడానికి చిప్ బిగించుకున్నవాడు ఒక రకం, అదే చిప్‌తో దొంగ సీడీలు నడిపినవాడు ఇంకో రకం. బోర్డు మీద తీగలు చూసి వీళ్ళలో ఎవరెవరో చెప్పమంటే మాత్రం చెప్పలేం.