చెట్టుకు ఆనించి పెట్టిన తుపాకీ

ఇవాళ పంటల గురించి కాదు. కోత మిషను రాక రెండు రోజులు ఖాళీగా కూర్చున్నా. అప్పుడు చదివిన ఒక సంగతి మీకు చెప్పాలనిపించింది. కొంచెం పొడవుగానే ఉంటుంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

అమెరికాలో నెవాడా అని ఒక రాష్ట్రం ఉంది. ఎండు నేల, కొండలు, పశువుల మేతభూములు, పాత గనులు. అక్కడ గ్రేట్ బేసిన్ అనే నేషనల్ పార్కు. 2014 నవంబరులో ఆ పార్కు పురావస్తు విభాగం వాళ్ళు కొండల్లో సర్వే చేస్తుంటే ఒక జూనిపర్ చెట్టుకు ఆనించి నిలబెట్టిన తుపాకీ కనబడింది. పడిపోయినది కాదు, పాతిపెట్టినది కాదు. మనం పొలంలో పారను చెట్టుకు ఆనించి మంచినీళ్ళు తాగడానికి పోతామే, అట్లా ఉందన్నమాట. మడమ నాలుగైదు అంగుళాలు మట్టిలో, రాలిన చెత్తలో కూరుకుపోయింది. గొట్టం తుప్పు పట్టింది. కర్ర బూడిద రంగుకు తిరిగి నెర్రెలిచ్చింది. చెట్టు రంగు, దాని రంగు ఒకటైపోయాయి. అన్నేళ్ళు ఎవరి కంటా పడలేదంటే అందుకే.

దానిమీద మోడల్ 1873 అని చెక్కి ఉంది. అడుగు భాగంలో సీరియల్ నంబరు కూడా చెరిగిపోకుండా ఉంది. అది వించెస్టర్ కంపెనీ రైఫిల్. ఆ కంపెనీ పెట్టిన ఆలివర్ వించెస్టర్ అంతకుముందు చొక్కాలు కుట్టించి అమ్మిన మనిషి, ఇది చదివి నాకు నవ్వొచ్చింది. ఫ్యాక్టరీ కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ హేవెన్ ఊళ్ళో ఉండేది.

ఇక్కడినుంచే నాకు ఆసక్తి పెరిగింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ గుమాస్తాలు ప్రతి తుపాకీకీ పెద్ద లెడ్జర్లలో ఒక వరుస రాసేవాళ్ళు. సీరియల్ నంబరు, రైఫిలా కార్బైనా, గొట్టం గుండ్రమా ఎనిమిది పలకలా, ట్రిగ్గరు ఏ రకం, గోదాముకు ఏ తేదీన చేరింది, ఏ తేదీన బయటికి పోయింది, ఆర్డరు నంబరు ఎంత. అంతా చేతిరాతే. మన కరణం గారి దస్తూరీ గుర్తొచ్చింది నాకు. ఆ పుస్తకాలు ఇప్పుడు వయోమింగ్ రాష్ట్రంలో కోడి అనే ఊళ్ళో తుపాకుల మ్యూజియంలో ఉన్నాయి. నంబరు చెప్తే ఆ వరుస వెతికి కాగితం మీద రాసిస్తారు.

అన్నీ మిగల్లేదు లెండి. 1866 మోడల్లో మొదటి లక్షా పాతిక వేల దాకా తుపాకుల లెక్కలు పోయాయి. 1894 మోడల్ 70 లక్షలకు పైగా తయారైతే, 3 లక్షల 54 వేల లోపు వాటికే పుస్తకం ఉంది. మిగతావాటి తేదీలు ఆ పుస్తకాల్లో దొరకవు. 1873 మోడల్ మాత్రం మొత్తం 7 లక్షల 20 వేల పైచిలుకు, దాదాపు అన్నిటికీ లెక్క భద్రంగా ఉంది. చెట్టుకింది తుపాకీ అదృష్టం అది.

మా నాన్న కొన్న ఆయిల్ ఇంజనుకు కూడా నంబరు పట్టీ ఉండేది. నేనే ఒక సంక్రాంతికి ముచ్చటపడి దానిమీద ఆకుపచ్చ రంగు కొట్టించా. ఏ ఏడాది ఇంజనో ఇప్పుడు ఎవర్నడగాలి?

సరే, విషయానికొస్తా. లెడ్జరు చూస్తే ఆ రైఫిల్ 1882లో తయారై, అదే ఏడు గోదాము నుంచి బయటికి పోయింది. అంతే. ఎవరు కొన్నారు, ఏ షాపులో కొన్నారు, ఒక్క ముక్క లేదు. కోల్ట్ కంపెనీ పుస్తకాల్లో అయితే సరుకు ఎవరికి పంపారో కూడా చాలాసార్లు దొరుకుతుందట. వించెస్టర్ వాళ్ళ పుస్తకాల్లో ఆ గడే లేదు. పైగా ఆ ఒక్క ఏడాదిలోనే ఈ మోడల్ 25 వేలకు పైగా చేశారు. మొదట్లో 50 డాలర్లున్న ధర 1882కి 25కి దిగింది. అంటే మామూలు పశువుల కాపరి, గని కూలీ కూడా కొనుక్కోగలిగిన తుపాకీ. ఆ పాతిక వేలమందిలో ఇతనెవరో ఎట్లా పట్టుకుంటాం?

మన అడంగల్ దీనికి తిరగేసిన బొమ్మ. అందులో పేరుంటుంది, సర్వే నంబరుంటుంది, విస్తీర్ణం సెంట్లతో సహా ఉంటుంది. అనుభవదారు గడి కూడా ఉంటుంది. కానీ నోటిమాట కౌలుకు ఇరవై ఏళ్ళు దున్నినవాడి పేరు ఆ గడిలో ఎంతమందికి కనబడింది? మా తాత అట్లా ఒక చేను దున్నాడు. ఏ కాగితంలోనూ లేడు. అందుకే ఆ తుపాకీ మనిషి గురించి చదువుతుంటే వేరే దేశం వాడనిపించలేదు.

పుస్తకం చెప్పనిది తుపాకీయే కొంత చెప్పింది. మ్యూజియం వాళ్ళు దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. రోగి పేరు దగ్గర రైఫిల్ అని రాశారట! గొట్టంలో, మ్యాగజీన్లో తూటా లేదు. కానీ మడమలో, శుభ్రం చేసే కడ్డీ దాచుకునే బొక్కలో ఒక తూటా ఇరుక్కుని ఉంది. దాన్ని చేసింది యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ, 1887కీ 1911కీ మధ్య తయారైన రకం. అంటే 1882లో గోదాము దాటిన తుపాకీ కనీసం ఐదేళ్ళ తర్వాత కూడా ఎవరి చేతిలోనో ఉంది. చెట్టు దగ్గరికి చేరింది ఆ తర్వాతే.

ఎవరో దొంగ పారిపోతూ పెట్టాడనీ, ఇంకోటనీ చాలామంది కథలల్లారు. నాకు అవి నమ్మబుద్ధి కాలేదు. జింకను కొట్టి మోసుకుపోయినవాడు తిరిగొచ్చి ఏ చెట్టో మర్చిపోయి ఉండొచ్చు. నేనే కొడవలి పెట్టిన గట్టు మర్చిపోయి సాయంత్రమంతా వెతికిన రోజులున్నాయి. పార్కు వాళ్ళు మాత్రం ఊహ జోలికి పోకుండా ఆ ప్రాంతం పాత పత్రికలు, కుటుంబాల చరిత్రలు తిరగేశారు. పేరు దొరకలేదు.

తుప్పు గీకి కొత్తగా మెరిపించలేదు వాళ్ళు. కర్ర ఇంకా రాలిపోకుండా గట్టిపరిచి, దొరికినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంచారు. కొన్నాళ్ళు కోడి మ్యూజియంలో చూపించి మళ్ళీ నెవాడా పార్కుకే పంపేశారు.