పెరటి చరిత్రంతా వాడిన నీళ్లదే

మిద్దె మీద ఆర్గానిక్ తోట పెట్టాలనుకున్న ఏడాది నేను ముందుగా కొన్నవి కుండీలు, మట్టి సంచులు, విత్తనాల పొట్లాలు. ఎండలు ముదిరేసరికి బోరునీళ్ల ఉప్పు కుండీల అంచున తెల్లగా పేరుకుంది. వంగ, టమాటా మాడిపోయాయి. అప్పుడు మా అమ్మమ్మ పెరడు గుర్తొచ్చింది. నీళ్లు బిందెలతో మోసుకొచ్చుకునే ఆ ఇంట్లో బచ్చలి తీగ ఏనాడూ వాడలేదు. ఎలాగంటారు?

మన మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావి. జిల్లా మారినా నీటి కరువు మారలేదు. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఉంది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ నీళ్లు ఆయకట్టు పొలాలకు. పెరటికి నీళ్లు చూసుకున్నది ఇంటి ఆడవాళ్లే.

బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోయేవి. స్నానాల నీళ్లు చిన్న కాలువలో అరటికి, బచ్చలికి పారేవి. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుళ్లు, గిన్నెలకు బూడిద వాడే రోజులు కాబట్టి మొక్కకు చేటు ఉండేది కాదు. చిక్కుడుకు పేనుబంక పడితే పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లేది అమ్మమ్మ. పేడ, చెత్త, రాలిన ఆకు అన్నీ దిబ్బలోకే.

ఆ దిబ్బ విలువ ఒక తెల్లదొర గుర్తించాడు. 1905లో మన దేశం వచ్చిన ఆల్బర్ట్ హోవార్డ్ మన రైతుల పద్ధతులు గమనించి, ఆ తరవాత ఇండోర్‌లో కంపోస్టు విధానం తయారుచేశాడు. 1940లో ఆయన రాసిన పుస్తకం సేంద్రియ సేద్యానికి పునాది అంటారు.

మనం మాత్రం దిబ్బను మరిచే దారి పట్టాం. 1960ల తరవాత బస్తా ఎరువులు, డబ్బా మందులు వచ్చాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. మందు మీద మందు కొట్టినా అది చావలేదు. అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల సంగతి ఏ లెక్కలోనూ కనబడదు.

దారి మళ్లించడంలోనూ ఆడవాళ్లు ముందున్నారు. 2003లో ఖమ్మం జిల్లా పునుకుల, పురుగుమందు వాడని ఊరుగా ప్రకటించుకుంది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం పొదుపు సంఘాల మీదుగానే ఊళ్లకు చేరింది. 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆ కార్యక్రమం ఒకటి.

పోయినేడు నేను మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పెద్దగా ఏమీ కొనకుండా. ఇరవై లీటర్ల నీళ్లలో కిలో ఆవుపేడ, లీటరు ఆవుపంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టుకింద మట్టి వేసి, రెండు రోజులు నీడలో ఉంచి పూటపూటా కలిపితే జీవామృతం. పదింతల నీళ్లు కలిపి మొదట్లో పోస్తాను. కుండీ మట్టి కనబడకుండా ఎండుటాకులు కప్పుతాను. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ మొక్కలకే. సబ్బునీళ్లు మాత్రం పోయను. మొదట తోటకూర, గోంగూర, బచ్చలి చాలు. తొలకరికి బీర, చిక్కుడు పెట్టుకోవచ్చు.

మొన్న రథసప్తమికి మా చిక్కుడుకాయలతోనే రథం చేశాను. అమ్మమ్మను ఎవరూ శిక్షణ తరగతికి పిలవలేదు. ఆవిడ చేసిన పనికి పేరు కూడా పెట్టలేదు. ఆ పనే ఇప్పుడు నేను పుస్తకంలో రాసుకుని మరీ నేర్చుకుంటున్నాను. మీ ఇంట్లో అమ్మో, అత్తగారో ఉంటే ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.