ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల మీదుగా కర్నూలు వెళ్ళే దారిలో ఓర్వకల్లు దగ్గర ఒక విమానాశ్రయం ఉన్నది. 2021 మార్చిలో ప్రారంభమైన దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఉయ్యాలవాడ ఆళ్ళగడ్డకు దగ్గరి ఊరే. 1846లో ఆయన కుంపిణీ మీద తిరగబడటానికి గల కారణాలలో కుటుంబానికి రావలసిన తవర్జీ, అంటే భరణం, నిలిచిపోవటం ఒకటి. రావలసిన పైకం రాకపోవటమే కాదు, అడగబోతే అవమానం ఎదురయిందని కూడా మా వైపు చెప్పుకుంటారు. ఆ పేరు ఒక విమానాశ్రయానికి దక్కటం చూసినప్పుడల్లా నాకు విమాన చోదకుల జీతాల తగాదాలు గుర్తుకు వస్తాయి.

మా నంద్యాలకు విమానాలతో ఉన్న చుట్టరికం ఓర్వకల్లుతో మొదలైనది కాదు. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన నీలం సంజీవరెడ్డి అంతకు పదేళ్ళ ముందు కేంద్రంలో పౌర విమానయాన శాఖను చూసినవారు. 1991 నవంబరు ఉప ఎన్నికలో ఇక్కడి నుంచే గెలిచిన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1994లో, ఆకాశం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం తొలగిపోయింది.

ఆ గుత్తాధిపత్యం పుట్టుక కూడా ఒక విలీనమే. 1953 ఆగస్టు 1న ఎనిమిది ప్రైవేటు సంస్థల దేశీయ సర్వీసులను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచారు. వాటిలో బేగంపేట కేంద్రంగా నడిచిన మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియాకు వెళ్ళినాయి. యాభయ్యేళ్ళకు పైగా ఈ రెండూ వేరు కాపురాలు చేసినాయి. విమానాలు వేరు, సంఘాలు వేరు, జీతాల పద్ధతులు వేరు.

పి.వి. హయాంలోనే, 1992 చివర, ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. సర్వీసులు ఆగకూడదని ప్రభుత్వం ఉజ్బెకిస్తాన్ నుంచి సిబ్బందితో సహా విమానాన్ని అద్దెకు తెచ్చింది. 1993 జనవరి 9న అది ఢిల్లీలో పొగమంచులో దిగుతూ తలక్రిందులై కాలిపోయింది. అదృష్టం కొద్దీ అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. మంత్రి మాధవరావు సింధియా నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. పైలట్లతో తెగని పేచీకి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో దేశానికి అప్పుడే తెలిసిందనుకోవాలి.

అయినా 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లను కలిపినప్పుడు ముందుగా కలిసినవి పేరు, రంగులు, కాగితాలు. జీతాల పట్టీ, సీనియారిటీ జాబితా "తరువాత చూద్దాం" అన్న పెట్టెలోనే ఉండిపోయినాయి.

పైలట్ల జీతం సంగతి బయటివారికి సులభంగా బోధపడదు. మనకు నెల జీతం నెల జీతమే. పైలట్ల సంపాదనలో మాత్రం పెద్ద భాగం ఎగిరిన గంటల మీద ఆధారపడుతుంది. కనుక ఎవరికి ఏ విమానం దక్కుతుంది, కో-పైలట్ ఎప్పుడు కెప్టెన్ అవుతాడు అన్నవి హోదా ప్రశ్నలే కావు, అన్నం ప్రశ్నలు కూడా. నెలకు ఇన్ని గంటల వేతనం ఖాయమని ఒకరికి ఉండి, ఎగిరితేనే కూలి అని మరొకరికి ఉంటే, ఒకే సంస్థలో ఇద్దరూ ఒకే చొక్కా తొడుక్కున్నా లాభం లేదు.

2009 సెప్టెంబరులో ప్రోత్సాహక భత్యాల కోతపై సీనియర్ పైలట్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. 2011 ఏప్రిల్ చివర పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనం కోసం పది రోజులు సమ్మె చేశారు. సంఘం గుర్తింపు రద్దయింది, కొందరి ఉద్యోగాలు పోయినాయి, ఒప్పందం తరువాత రెండూ తిరిగి వచ్చినాయి. జస్టిస్ ధర్మాధికారి కమిటీని అప్పుడు వేశారు. అంటే పెళ్ళయిన నాలుగేళ్ళకు జాతకాలు చూడటం!

మరుసటి ఏడు రెండవ పక్షం లేచింది. కొత్తగా రాబోయే బోయింగ్ 787 శిక్షణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారికి వాటా ఇస్తే తమ పదోన్నతులు వెనకబడతాయని ఎయిర్ ఇండియా పైలట్లు 2012 మే నుంచి జూలై మొదటి వరకు 58 రోజులు సమ్మె చేశారు. వందమందికి పైగా ఉద్యోగాలు కోల్పోయారు. ఈ సమ్మెలలో నష్టపోయిన ప్రయాణికుల కోపం న్యాయమైనదే. కానీ ఒకరి సమానత్వం మరొకరి నష్టంగా తోచేటట్లు ఇల్లు కట్టింది పైలట్లు కారు.

ప్రైవేటు చేతికి వెళ్ళినా కథ మారలేదు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాలకు చేరింది. విస్తారాను అందులో కలిపే ముందు, 2024 ఏప్రిల్‌లో, ఖాయపు గంటలను 70 నుంచి 40కి తగ్గించిన కొత్త జీతాల పద్ధతిపై విస్తారా పైలట్లలో అసంతృప్తి రేగి, సర్వీసులు పెద్దయెత్తున రద్దయినాయి. విలీనం అదే ఏడు నవంబరు 12న జరిగింది.

ఇవన్నీ ఆకాశంలోని తగాదాలని మనం తీసిపారేయనక్కర లేదు. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమైనారు. ఉద్యోగులు ప్రజా రవాణా శాఖకు వెళ్ళారు, బస్సులు కార్పొరేషన్‌కే మిగిలినాయి. ఏ శ్రేణి జీతం, సీనియారిటీ ఎలా, పింఛను ఏ పద్ధతి? నంద్యాల, ఆళ్ళగడ్డ డిపోల డ్రైవర్ల ప్రశ్నలు విమానం నడిపేవారి ప్రశ్నలకు భిన్నమైనవి కావు.

రెండు సంస్థలను కలపటానికి ఒక సంతకం చాలు. రెండు పొయ్యిలను కలపాలంటే ఎవరి గిన్నెలో ఎంత ఉన్నదో ముందుగా అందరి ఎదుటా చెప్పాలి. లెక్క దాచిన చోట మాట పోతుంది, మాట పోయిన చోట మనిషి తిరగబడతాడు. ఓర్వకల్లు విమానాశ్రయం మీది పేరు చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.